మీడియం వేవ్‌లో సాయంత్రం పూట తెలుగు వస్తోంది, బందరు ఓడ అంటున్నారు, ఇది ఏ స్టేషన్ అయ్యుంటుంది?

దివిసీమ శ్రోత
11 డిసెంబర్ 2019, రాత్రి 9:40

అందరికీ నమస్కారం అండి. ఇన్నాళ్ళూ మీరు రాసేవి చదవడమే, నేను రాయడం ఇదే మొదటిసారి. మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. నాన్నగారి ఫిలిప్స్ రేడియో ఒకటి అటక మీద పదిహేనేళ్ళ నించి పడుంది, మొన్న దించి చూస్తే డయల్ తాడు తెగిపోయి ఉంది, వాల్యూమ్ తిప్పితే బరబరమంటోంది, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే రెండు రోజుల్లో బాగుచేసి ఇచ్చాడు. నాన్నకి ఇప్పుడు 81 ఏళ్ళు, సెట్ చేతికివ్వగానే ముల్లు తిన్నగా విజయవాడ మీదకి తీసుకెళ్ళి పెట్టారు, అన్నేళ్ళయినా చెయ్యి మర్చిపోలేదు.

అసలు విషయం ఏంటంటే, మొన్న సోమవారం సాయంత్రం ఆరవడానికి ఇంకో పది నిమిషాలుందనగా, అప్పుడే చీకటి పడుతోంది, అరుగు మీద కూర్చుని ఊరికే ముల్లు అటూ ఇటూ తిప్పుతుంటే తెలుగు మాట వినపడింది. ఆడమనిషి గొంతు. బాగా సన్నగా, బావిలోంచి వస్తున్నట్టు, ఒకసారి పైకొస్తుంది, మళ్ళీ మునిగిపోతుంది. ఏదో చెప్పి పాత సినిమా పాట వేశారు, పాట సగంలో ఉండగా దానిమీద ఇంకో స్టేషన్ ఎక్కడం మొదలైంది, అది మలయాళం అనుకుంటా, ఆరుంపావు దాటేసరికి తెలుగు పూర్తిగా కిందకి పోయి మలయాళమే మిగిలింది.

మర్నాడు అదే టైముకి మళ్ళీ పెట్టాను. ఈసారి అదే చోట హిందీ వచ్చింది, నాకు హిందీ అంతంత మాత్రం, కానీ మధ్యలో "జహాజ్" అన్న మాట, ఆ వెంటనే "బందర్" అని స్పష్టంగా రెండుసార్లు వినపడింది. జహాజ్ అంటే ఓడ కదా. మన బందరుకి ఇప్పుడు ఓడలెక్కడివి? పోర్టు ఇంకా కట్టనేలేదు, గిలకలదిండిలో ఉన్నవి చేపల బోట్లు. నాన్న కూడా విన్నారు, ఆయన కూడా "బందరే అన్నాడురా" అన్నారు.

సెట్‌కి డిజిటల్ నంబర్ లేదు, ముల్లే. డయల్ మీద హైదరాబాద్‌కి ఎడమ పక్క చెన్నై వస్తుంది కదా, దానికి ఇంకాస్త ఎడమగా ఉంది ఇది. అక్కడ తెలుగు స్టేషన్ ఏముంది? తెలిసినవాళ్ళు చెప్పగలరు.


బెజవాడ బాబీ
11 డిసెంబర్ 2019, రాత్రి 10:15

అన్నా అది విజయవాడే అయ్యుంటుంది. విజయవాడ 837 కిలోహెర్ట్జ్, 100 కిలోవాట్లు, మీ ఊరికి దగ్గర. పాత సెట్లలో దగ్గర స్టేషన్ గట్టిగా కొడితే డయల్ మీద ఇంకోచోట కూడా దెయ్యంలాగా కనపడుతుంది, మా ఇంట్లో కూడా ఉండేది అలా. ఒక పని చెయ్యి, ఫోన్‌లో న్యూస్ఆన్ఎయిర్ యాప్ వేసుకుని విజయవాడ పెట్టు, రేడియోలో వచ్చేదీ అందులో వచ్చేదీ ఒకటేనా కాదా చూడు. యాప్ కొంచెం వెనకగా వస్తుంది, అది లెక్కలో ఉంచుకో.


దివిసీమ శ్రోత
12 డిసెంబర్ 2019, సాయంత్రం 6:50

బాబీ గారూ, మీరు చెప్పినట్టే ఈ సాయంత్రం చూశానండి. యాప్‌లో విజయవాడ పెట్టాను, పక్కింటి తమ్ముడి ఫోన్‌లో హైదరాబాద్ పెట్టాను, రెంటిలోనూ వేరే వేరే వస్తున్నాయి, రేడియోలో మాత్రం ఎవరో ఒకాయన తెలుగులో ఉత్తరాలు చదువుతున్నట్టుంది, శ్రోతల ఉత్తరాలో ఏమో. ఒక నిమిషం ఆగి మళ్ళీ చూశాను, అప్పుడూ కలవలేదు. కాబట్టి విజయవాడ కాదు. ఇంకోటి, మధ్యాహ్నం పన్నెండుకి అక్కడే ముల్లు పెడితే శబ్దమే లేదు, ఖాళీ. సాయంత్రమే వస్తోంది. పైగా దానికి కుడి పక్కనే ఆనుకుని ఒక పెద్ద స్టేషన్ బెంగాలీలో మోగిపోతోంది, అది ముల్లు మీదకి తన్నుకొస్తోంది.


విశాఖ తరంగం
12 డిసెంబర్ 2019, రాత్రి 8:30

దివిసీమ గారూ, మీరు చూసిన పద్ధతి సరైనది, ముందు దగ్గర స్టేషన్ కాదని తేల్చుకోవాలి, తర్వాతే దూరం సంగతి. నేను ట్రాన్స్‌మిటర్ల దగ్గర పనిచేసి రిటైరయినవాణ్ణి, ముప్ఫై ఏళ్ళుగా రాత్రిళ్ళు మీడియం వేవ్ వినడం నాకు అలవాటు. మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది, వివరంగా చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది.

పగలు ఎందుకు రాలేదు అంటే, పగటిపూట మనపైన 60 నించి 90 కిలోమీటర్ల ఎత్తులో డి పొర అని ఉంటుంది, ఎండ వల్ల ఏర్పడేది, అది మీడియం వేవ్ తరంగాల్ని పీల్చేస్తుంది. అందుకని పగలు నేల వెంబడి వచ్చేదే మనకి దిక్కు. పొద్దు గూకగానే డి పొర నిమిషాల్లో పలచబడిపోతుంది, అప్పుడు తరంగం ఇంకా పైనున్న పొరలదాకా వెళ్ళి అక్కణ్ణించి తిరిగి నేలకి దిగుతుంది, వందలూ వేలూ కిలోమీటర్లు దాటి. పైకొచ్చి మునిగిపోతోంది అన్నారే, అదే దాని గుర్తు, ఆకాశం మీంచి వచ్చే తరంగం వేర్వేరు దారుల్లో వచ్చి ఒకసారి కలుస్తుంది, ఒకసారి కొట్టేసుకుంటుంది. దగ్గర స్టేషన్ ఎప్పుడూ అలా ఊగదు. ఇప్పుడు సూర్యుడి మీద మచ్చలు బాగా తక్కువగా ఉన్న రోజులు, పైగా చలికాలం, పొడుగు రాత్రులు, ఉరుముల గోల లేదు. వినడానికి ఇంతకన్నా మంచి కాలం మళ్ళీ చాలా ఏళ్ళకి గానీ రాదు.

ఇప్పుడు అసలు సంగతి. మీకు ముందు తెలుగు వచ్చింది, తర్వాత మలయాళం ఎక్కింది. ఎందుకలా? పొద్దు తూర్పున ముందు గూకుతుంది. తూర్పు నించి వచ్చే దారి ముందు చీకటవుతుంది, పడమటి దారి తర్వాత. డిసెంబర్లో మీ దివిసీమలో పొద్దు గూకేది ఐదున్నర దాటాక, మలబారు తీరంలో ఆరు దాటాక. ఐదున్నరకీ ఆరుంపావుకీ మధ్య మీకు వినపడేది తూర్పు దిక్కు. మీకు తూర్పున ఏముంది? సముద్రం. సముద్రం మీంచి వచ్చే తరంగానికి నష్టం తక్కువ, అది కూడా గుర్తుపెట్టుకోండి.

మన దగ్గర స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంలో ఉంటాయి, 1978 నించీ ఇదే లెక్క. కాబట్టి ఏ నంబరైనా 9తో భాగిస్తే శేషం ఉండకూడదు. హైదరాబాద్ 738, చెన్నై 720, దానికి ఎడమగా 693, అక్కడ బంగ్లాదేశ్ బేతార్ ఢాకా స్టేషన్ ఉంది, 1000 కిలోవాట్లు, మీకు మోగిపోతున్న బెంగాలీ అదే. దానికి ఆనుకుని ఎడమ పక్క అంటే 684. మీ ముల్లు 684 మీద ఉందని నా అంచనా. 684లో మలయాళం అంటే కోజికోడ్ ఆకాశవాణి, 100 కిలోవాట్లు. అదే 684లో ఇంకొకరున్నారు.

వాళ్ళెవరో నాకు తెలుసు, కానీ ఇప్పుడు చెప్పను, దయచేసి ఏమీ అనుకోకండి. ఒకసారి పేరు చెప్పేస్తే ఆ గరగరలో మీ చెవికి ఆ పేరే వినపడుతుంది. అసలు అక్కడ ఏమన్నారో వినపడదు. మీరూ మీ నాన్నగారూ ఆ బందర్ అన్న మాటని ఎలా విన్నారో మళ్ళీ ఒకసారి ఆలోచించండి, దానికి ముందు ఏముందో వినండి.

ఎలా వినాలో చెప్తాను. మీ సెట్‌లో లోపల ఫెర్రైట్ రాడ్, అంటే ఏంటెనాగా పనిచేసే కడ్డీ, పొడుగునా అడ్డంగా ఉంటుంది. రాడ్ చివర ఏ దిక్కుకి చూపిస్తే ఆ దిక్కు స్టేషన్ పడిపోతుంది, రాడ్ పక్కభాగం చూపిస్తే బాగా వస్తుంది. సెట్ ఎడమ చివర నైరుతికీ కుడి చివర ఈశాన్యానికీ ఉండేట్టు పెట్టండి. మీ ఊరి నించి కోజికోడ్ సరిగ్గా నైరుతి, ఢాకా సరిగ్గా ఈశాన్యం. అంటే ఒక్క తిప్పుతో ముందూ వెనకా ఇద్దరూ తగ్గిపోతారు, మీకిది గొప్ప అదృష్టం. అప్పుడు మెల్లిగా ఒక్కో వేలెడు తిప్పుతూ మలయాళం అన్నిటికన్నా సన్నబడిన చోట ఆపండి.

ఇంకోటి. ఆకాశవాణి వాళ్ళు అప్పుడప్పుడూ స్టేషన్ పేరుతోపాటు మీటర్లు, అంటే తరంగం పొడవు, చెప్తారు, "మీడియం వేవ్ ఇన్ని మీటర్లు, అనగా ఇన్ని కిలోహెర్ట్జ్" అని. ఏదో ఒక అంకె దొరికినా చాలు, 300000ని మీటర్లతో భాగిస్తే కిలోహెర్ట్జ్ వచ్చేస్తుంది. కాగితం పెన్ను దగ్గర పెట్టుకోండి, వినపడిన శబ్దం వినపడినట్టు రాయండి, అర్థం తర్వాత.


కూకట్‌పల్లి కిరణ్
13 డిసెంబర్ 2019, ఉదయం 7:20

విశాఖ సార్ చదువుతుంటేనే వినాలనిపిస్తోంది, కానీ మా పరిస్థితి ఏంటంటే ఏడో అంతస్తు ఫ్లాట్, మీడియం వేవ్ పెడితే హైదరాబాద్ స్టేషన్ కూడా గీంయ్ అనే చప్పుడులోనే వస్తుంది. లిఫ్ట్ కదిలితే ఒక శబ్దం, పక్కింట్లో ఎవరో చార్జర్ పెడితే ఇంకో శబ్దం. నా దగ్గర టెక్సన్ పీఎల్-310 ఉంది, మంచి సెట్టే, రెండేళ్ళలో చెన్నై, బెంగళూరు 612 తప్ప దూరం ఏదీ దొరకలేదు. సిటీలో ఉన్నవాళ్ళకి ఇది వదులుకోవాల్సిందేనా?


గుంటూరు గ్యాంగ్ కండెన్సర్
13 డిసెంబర్ 2019, ఉదయం 11:05

కిరణ్, వదులుకోకు. నేను కూడా ఐదేళ్ళు అపార్ట్‌మెంట్‌లోనే విన్నాను. ముందు నీ ఇంట్లో గోల ఎక్కణ్ణించి వస్తోందో పట్టుకో. సెట్ బ్యాటరీ మీద పెట్టి, స్టేషన్ లేని చోట ముల్లు ఆపి, చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగు, ఏ బల్బు దగ్గర గోల పెరిగితే అది దొంగ. చవక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్, ఇన్వర్టర్, ఇవే ముఖ్యం. మా ఇంట్లో ఒకే ఒక్క బాత్‌రూమ్ బల్బు మార్చితే 900 దగ్గర కడప వచ్చేసింది, అంతకుముందు ఏడాదిగా రాలేదు. ఆకాశవాణి కడప అని ఆవిడ అన్నప్పుడు నేను నిజంగా లేచి నిలబడ్డాను.

రెండోది, లూప్ ఏంటెనా కట్టుకో. ఖర్చు లేదు, పాత సెట్‌లోంచి గ్యాంగ్ కండెన్సర్, అంటే స్టేషన్ మార్చడానికి తిప్పే భాగం, ఒకటి కావాలి, పాత సామాన్ల వాళ్ళ దగ్గర దొరుకుతుంది. రెండు కర్రలు ప్లస్ గుర్తులాగా బిగించి, ఒక్కో పక్క రెండడుగులు వచ్చేట్టు, దానిమీద ప్లాస్టిక్ తొడుగు ఉన్న మామూలు వైరు పది పన్నెండు చుట్లు చుట్టు, చుట్టుకీ చుట్టుకీ అర సెంటీమీటరు ఎడం వదులు. రెండు కొసలూ గ్యాంగ్‌కి కలుపు, అంతే. రేడియోకి వైరేమీ కలపక్కర్లేదు, పక్కన పెడితే చాలు, నీకు కావలసిన స్టేషన్ దగ్గర ముల్లు ఆపి గ్యాంగ్ తిప్పుతూ ఉంటే ఒకచోట శబ్దం ఒక్కసారిగా ఉబ్బుతుంది, అక్కడ ఆపెయ్. తర్వాత లూప్‌ని తిప్పి గోల తగ్గే కోణం చూసుకో. బాల్కనీలో, ఇంటి గోడలకి వీలైనంత దూరంగా పెట్టు, ఇనుప గ్రిల్‌కి ఆనించకు.

మూడోది కరెంట్ పోవడం. ఏరియా మొత్తం పోతే పరిగెత్తి సెట్ ఆన్ చెయ్యి. ఇన్వర్టర్లు తక్కువ ఉన్న ఊళ్ళల్లో ఆ పది నిమిషాలు ఎలా ఉంటాయో నేను చెప్పలేను, బ్యాండ్ అంతా నల్లగా నిశ్శబ్దం, అందులో ఒక్కో స్టేషన్ చుక్కలాగా. 2014లో హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక రెండు మూడు రోజులు విశాఖలో మా అక్క వాళ్ళింట్లో ఉన్నాను, ఊరంతా చీకటి, బాధలో ఉన్నాం అందరం, కానీ నా జీవితంలో అంత శుభ్రంగా మీడియం వేవ్ వినడం అదే, రాత్రి కోల్‌కతా 657 పక్కగదిలో మాట్లాడుతున్నట్టు వచ్చింది.


డల్లాస్ ప్రసాద్
13 డిసెంబర్ 2019, రాత్రి 11:50

ఈ థ్రెడ్ చదువుతుంటే ఆనందంగా ఉంది. ఇక్కడ నా సంగతి కొంచెం చెప్తాను, కిరణ్ గారిలాగా సిటీలో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. నేను వినేది కార్లో. ఇంట్లో నాకూ గోలే, కానీ ఊరు దాటి హ్యూస్టన్ రోడ్డు మీద రాత్రి ఏ పెట్రోల్ బంక్ దూరంగానో ఆపుకుని కారు ఇంజన్ ఆపేస్తే సెట్ ఎంత బాగా పనిచేస్తుందో. ఇక్కడ అమెరికాలో స్టేషన్ల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్, 9 కాదు. రాత్రయితే చిన్న స్టేషన్లు చాలావరకు పవర్ తగ్గించుకోవాలి, కొన్ని ఆపేసుకోవాలి కూడా, 50 కిలోవాట్ల పెద్దవాటికి మాత్రం దారి వదులుతారు. అందుకే నాకు న్యూ ఆర్లీన్స్ 870, సెయింట్ లూయిస్ 1120, డెన్వర్ 850 రాత్రిపూట కార్లో మామూలుగా వస్తాయి. నాష్‌విల్ 650 అయితే ఇక్కడికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు, 1925లో మొదలైన స్టేషన్, శనివారం రాత్రి అక్కడి కంట్రీ సంగీతం వస్తుంటే మా ఆవిడ కూడా నిద్రపోకుండా వింటుంది. 50 కిలోవాట్లే ఇక్కడ హద్దు, సిన్సినాటి 700కి మాత్రం 1934 నించి 1939 దాకా 500 కిలోవాట్లు ఇచ్చి చూశారు, తర్వాత తగ్గించేశారు.

ఇక్కడో సౌకర్యం ఉంది, ప్రతి గంటకీ దగ్గర్లో స్టేషన్ తన అక్షరాలూ ఊరి పేరూ చెప్పి తీరాలి, అది రూలు. కాబట్టి గంట కొట్టే రెండు నిమిషాల ముందు నించి చెవి అక్కడే. మిసిసిపీకి పడమర అయితే ఎక్కువగా కె తో మొదలవుతుంది, తూర్పయితే డబ్ల్యూ, ఒక్క అక్షరం దొరికినా సగం దేశం కొట్టేసినట్టే. దివిసీమ గారూ, మీరు కూడా గంటకీ అరగంటకీ ముందూ వెనకా వదలకండి, ప్రోగ్రాం మారేటప్పుడే పేరు చెప్తారు. నాకు మాత్రం ఆ బందర్ ఏంటో తెలుసుకోవాలని ఉంది, మా అమ్మగారిది మచిలీపట్నమే.


దివిసీమ శ్రోత
15 డిసెంబర్ 2019, రాత్రి 7:30

దొరికిందండీ!!! చేతులు ఇంకా వణుకుతున్నాయి, జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న సాయంత్రం విశాఖ సార్ చెప్పినట్టే సెట్‌ని నైరుతి ఈశాన్యం చేసి పెట్టాను. మా ఇంట్లో దిక్కులు సరిగ్గానే కట్టారు కాబట్టి అరుగు మూల నించి మూలకి చూసుకుంటే సరిపోయింది. ముందు నమ్మలేదు కానీ నిజంగానే ఆ బెంగాలీ స్టేషన్ సగానికి సగం తగ్గిపోయింది. ఇంట్లో లైట్లన్నీ తీయించేశాను, అమ్మ పొయ్యి దగ్గర దీపం పెట్టుకుంది. మా అమ్మాయి పదో తరగతి, దానికి హిందీ బాగా వచ్చు, పక్కన కాగితం పెట్టుకుని కూర్చుంది. ఐదూ నలభైకి సన్నగా మొదలైంది, హిందీలో ఓడల టైములు. అమ్మాయి వినపడింది వినపడినట్టు రాసుకుంటూ పోయింది, ఇవిగో దాని కాగితంలో ఉన్నవి: "రంగత్", "డిగ్లీపూర్", "సుబహ్ ఛే బజే", "మాయాబందర్".

మాయాబందర్! మా బందరు కాదు. ఆ ముందు మాట "మాయా" అప్పుడు గరగరలో పోయింది, నాకూ నాన్నకీ వినపడ్డది తోక ఒక్కటే. విశాఖ సార్ ఎందుకు పేరు చెప్పనన్నారో అప్పుడు అర్థమైంది. అమ్మాయి ఫోన్‌లో వెతికింది, మాయాబందర్, రంగత్, డిగ్లీపూర్ మూడూ అండమాన్‌లోనే. కానీ ఊరి పేర్లు వస్తే స్టేషన్ అదే అని చెప్పలేం కదా అని ఆగాను, పేరు చెప్పేదాకా ఒప్పుకోకూడదని.

ఈరోజు మళ్ళీ కూర్చున్నాం. ఆరవుతుండగా ఒకాయన హిందీలో ఏదో చెప్పాడు, అందులో "చార్ సౌ అడ్‌తీస్" అని అమ్మాయి పట్టుకుంది, 438 అట. నేను అక్కడే నేల మీద సుద్దముక్కతో 300000ని 438తో భాగించాను, 684 దాటి కొంచెం వచ్చింది, 684ని 9తో భాగిస్తే 76, శేషం లేదు. ఇంకా లెక్క పూర్తవకముందే నాన్న చెయ్యెత్తి ఆగండి అన్నారు, "యే ఆకాశవాణీ పోర్ట్ బ్లెయర్ హై." ముగ్గురం విన్నాం. ఆ తర్వాత తెలుగు కార్యక్రమం. అదే ఆడగొంతు, సోమవారం విన్నదే.

మ్యాప్‌లో చూస్తే మా ఊరికీ పోర్ట్ బ్లెయర్‌కీ మధ్య 1300 కిలోమీటర్ల పైమాటే, మొత్తం బంగాళాఖాతం. నాన్న ఒకటే ప్రశ్న అడుగుతున్నారు, అక్కడ తెలుగులో ఎవరి కోసం చెప్తున్నారు అని. ఎవరైనా చెప్పగలరా?


జంగ్లీఘాట్ నించి పలాస
15 డిసెంబర్ 2019, రాత్రి 10:10

మా కోసం అండి. పెద్దాయనకి చెప్పండి.

మా తాతది పలాస దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. శ్రీకాకుళం, విశాఖ వైపు నించి చేపల వేటకీ కూలిపనికీ అండమాన్ వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు చాలామంది, పోర్ట్ బ్లెయర్‌లో జంగ్లీఘాట్ అంటే తెలుగువాళ్ళ పేట కింద లెక్క. నేను పుట్టి పెరిగింది అక్కడే, చదువు కోసం ఇటొచ్చి ఉండిపోయాను. అక్కడ అందరూ కలిసి మాట్లాడుకునేది హిందీ, ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, ఎదురింట్లో బెంగాలీ, అందుకే రేడియోలో కూడా వంతులవారీగా అన్ని భాషలూ వస్తాయి. తెలుగు వంతు వచ్చినప్పుడు మా నాయనమ్మ వల అల్లడం ఆపేసేది.

మీరు విన్న ఓడల టైములు మాకు ఎంత ముఖ్యమో చెప్పలేను. ఒక దీవి నించి ఇంకో దీవికి ఓడే బస్సు. గాలి మారితే ఓడ రేపటికి పోతుంది, ఆ సంగతి రేడియోలో విన్నాకే మూట కట్టుకునేవాళ్ళం. మా చిన్నాన్న మాయాబందర్‌లో ఉండేవాడు, ఆ పేరు రేడియోలో వస్తే మా ఇంట్లో అందరూ నోరు మూసుకోవాల్సిందే.

2004 సునామీ అప్పుడు నేను పలాసలో ఉన్నాను, ఫోన్లు కలవలేదు, మావాళ్ళు క్షేమమని తెలియడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రాత్రులూ చిన్న సెట్ పట్టుకుని డాబా మీద 684 కోసం వెతికాను. రెండు రాత్రులు గొంతు వినపడింది, మాటలు అర్థం కాలేదు. మాట అర్థం కాకపోయినా ఊరు ఉంది, మాట్లాడుతోంది అని మా అమ్మకి చెప్పాను. మీరు రాసింది చదివాక ఇన్నేళ్ళకి మళ్ళీ సెట్ తీశాను, పలాసలో ఇప్పుడు బాగా వస్తోంది.


విశాఖ తరంగం
16 డిసెంబర్ 2019, ఉదయం 6:15

దివిసీమ గారూ, మీ అమ్మాయికి నా ఆశీస్సులు. ఊరి పేర్లు దొరికాక కూడా స్టేషన్ పేరు కోసం ఇంకో రోజు ఆగారు చూడండి, అది నాకు అన్నిటికన్నా నచ్చింది. పలాస గారూ, మీ ఆరు రాత్రుల గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు కోసం షార్ట్ వేవ్ తిప్పుతూ పెరిగిన తరం మాది, సముద్రం అవతల నించి తెలుగు వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇప్పుడు రిపోర్టు రాయండి, ఆలస్యం చెయ్యకండి, గుర్తున్నప్పుడే. ఆకాశవాణికి ఢిల్లీలో స్పెక్ట్రమ్ మేనేజ్‌మెంట్ విభాగం ఉంది, రిపోర్టు సరిగ్గా ఉంటే అక్కణ్ణించి క్యూఎస్ఎల్ కార్డు పంపుతారు, ఫలానా రోజు మా స్టేషన్ మీరు విన్నమాట నిజమే అని. తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, మీ సెట్ ఏది, మీ ఊరు ఎక్కడ, ఇవి ఉండాలి. టైము యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో, కూడా రాయండి, మన టైములోంచి ఐదున్నర గంటలు తీసెయ్యాలి, సాయంత్రం 5:40 అంటే 12:10. ఏం విన్నారో కనీసం ఇరవై నిమిషాలది, నిమిషం వేసి రాయండి, "ఓడల సమాచారం, రంగత్, మాయాబందర్ పేర్లు" ఇలా, విననిది ఒక్క ముక్క కూడా కలపొద్దు. చివర్లో సిన్పో అని ఐదంకెలు, సిగ్నల్ బలం, పక్క స్టేషన్ల అడ్డు, గోల, ఊగడం, మొత్తం మీద ఎలా ఉంది, ఒక్కోదానికీ ఒకటి నించి ఐదు దాకా, ఐదు అంటే బాగున్నట్టు. మీరు చెప్పినదాన్ని బట్టి 2, 3, 4, 2, 2 అలా ఉండొచ్చు, కానీ మీ చెవికి ఏమనిపిస్తే అదే వెయ్యండి.

వీలైతే తెల్లవారుజామున కూడా చూడండి. పోర్ట్ బ్లెయర్‌లో మనకన్నా ముప్పావు గంటకి పైగా ముందు తెల్లారుతుంది, కాబట్టి సాయంత్రం ముందొచ్చింది పొద్దున్న ముందు పోతుంది.


కూకట్‌పల్లి కిరణ్
17 డిసెంబర్ 2019, రాత్రి 9:55

గ్యాంగ్ కండెన్సర్ అన్నా, లూప్ కట్టాను. గోల అంతా వంటింట్లో ట్యూబ్‌లైట్ తీసి పెట్టిన ఎల్ఈడీ నించి వస్తోంది. అది ఆపి బాల్కనీలో పెడితే విశాఖ 927 వచ్చింది, పేరు చెప్పడం విన్నాను, రాసుకున్నాను. 684 ఇంకా రాలేదు, మలయాళమే వస్తోంది, రేపు ఐదుంబావుకే ఆఫీసు నించి వచ్చేస్తున్నా.


దివిసీమ శ్రోత
19 డిసెంబర్ 2019, ఉదయం 7:10

రిపోర్టు నిన్న పోస్టులో వేశానండి, అమ్మాయి దస్తూరీతో, రెండు పేజీలు. ఊగడం దగ్గర మేము 3 వేశాం, నాన్న ఒప్పుకోలేదు 2 కి, ఆయనకి పాట మొత్తం వినపడిందట.

ఈ తెల్లవారుజామున నేనూ నాన్నా దుప్పట్లు కప్పుకుని అరుగు మీదే కూర్చున్నాం. మంచు బాగా ఉంది. చీకట్లో ముందు ఏమీ లేదు, గరగరే, తర్వాత ఆకాశవాణి మొదలయ్యేటప్పుడు వేసే ఆ ట్యూన్ ఎక్కడో దూరాన వచ్చింది, తంబూరా మీద వయొలిన్, నాన్న కళ్ళు మూసుకున్నారు. తర్వాత హిందీ గొంతు, పేరు ఒక్కసారి చెప్పాడు, పోర్ట్ బ్లెయర్. మాకింకా తెల్లారనేలేదు, తూర్పున కొంచెం తెలుపు అంతే, ఆ గొంతు సన్నబడి సన్నబడి పోయింది, దాని చోట మలయాళం వచ్చి కూర్చుంది. పలాస గారూ, మీ చిన్నాన్న గారు ఇంకా మాయాబందర్‌లోనే ఉన్నారా అని నాన్న అడగమన్నారు.